తోడు పోయినవాళ్లను తిరగనిద్దాం

భర్తో భార్యో పోయిన మనిషికి మన ఇళ్లలో మొదటి నెల రోజులూ మనుషుల కొరత ఉండదు. పెద్దకర్మ, మాసికం, పలకరించడానికి వచ్చేవాళ్లు, బ్యాంకులో నామినీ కాగితాలు, మరణ ధ్రువీకరణ పత్రం కోసం మున్సిపాలిటీ చుట్టూ తిరగడాలు. ఇవన్నీ ముగిసి, పిల్లలు బెంగళూరుకో డాలస్‌కో తిరుగు ప్రయాణం కట్టాక అసలు ఖాళీ మొదలవుతుంది. అలా మిగిలిన మనిషి ఓ ఆరు నెలలకు సంచి సర్దుకుని, 'నాలుగు రోజులు అరకు వెళ్లొస్తాను, ఫొటోలు తీసుకోవాలని ఉంది' అంటే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. ఆడమనిషైతే ఏడాది తిరక్కుండానే షికార్లేమిటని ముక్కున వేలేసుకుంటారు. మగవాడైతే ఇంకో పెళ్లికి దారి చూసుకుంటున్నాడని చెవులు కొరుక్కుంటారు. ప్రేమగా చూసుకునే పిల్లలు కూడా 'ఈ వయసులో ఒక్కరే ఎందుకు, హాయిగా మా దగ్గరకొచ్చి ఉండొచ్చుగా' అంటారు. ఆ మాటలో ఆదరణ ఉంది, కాదనను. కానీ ఆ మనిషి అడిగింది వెళ్లిరావడానికి వీలు. మనం ఇస్తానంటున్నది కూర్చోవడానికి ఇంకో చోటు. తోడు పోయాక ప్రయాణం చేయడం, కెమెరా పట్టుకుని లోకాన్ని చూడడం కూడా దుఃఖపడే పద్ధతుల్లో ఒకటని, మిగతా కర్మలకు ఇచ్చే గౌరవమే దానికీ ఇవ్వాలని నా వాదన.

ఈ నష్టం ఎంత పెద్దదో ముందుగా ఒప్పుకోవాలి. 1967లో అమెరికాలో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే మానసిక వైద్యులు మనిషి జీవితాన్ని కుదిపేసే 43 సంఘటనలకు మార్కులు వేశారు. విడాకులు, జైలు, ఉద్యోగం ఊడడం అన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. నూటికి నూరు పడింది మాత్రం జీవిత భాగస్వామి మరణానికి ఒక్కదానికే. రెండేళ్ల తర్వాత బ్రిటన్‌లో కాలిన్ ముర్రే పార్క్స్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి, భార్యలు పోయిన 55 ఏళ్లు దాటిన 4,486 మంది మగవాళ్లను తొమ్మిదేళ్ల పాటు గమనించి ఫలితాలు ప్రచురించారు. మొదటి ఆరు నెలల్లోనే 213 మంది పోయారు. ఆ వయసు పెళ్లయిన మగవాళ్లలో మామూలుగా ఉండే మరణాల కంటే ఇది 40 శాతం ఎక్కువ. అందులో పెద్ద వాటా గుండె జబ్బులదే. 'ఆమె పోయాక బెంగతో పోయాడు' అని మన ఊళ్లలో అనుకునేది ఉత్తి మాట కాదన్నమాట. మన దేశంలో 2011 జనాభా లెక్కల నాటికే భర్తలను పోగొట్టుకున్న స్త్రీలు 4 కోట్ల పైమాట. భార్యలు పోయిన మగవాళ్లు అందులో మూడో వంతు కూడా లేరు. భర్తలు వయసులో పెద్దవాళ్లు కావడం, స్త్రీలు ఎక్కువకాలం బతకడం దీనికి కొంత కారణం; మగవాడికి మళ్లీ పెళ్లి సులువుగా కుదరడం ఇంకో కారణం.

ఇంత దెబ్బ తిన్న మనిషి ఏం చేయాలన్నదానికి చాలాకాలం మానసిక శాస్త్రమూ మన పెద్దలూ ఇంచుమించు ఒకే జవాబు చెప్పారు. దుఃఖాన్ని ఎదురుగా పెట్టుకుని కూర్చోవాలి, తనివితీరా ఏడవాలి, మెల్లగా మనసు మళ్లించుకోవాలి. 1999లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ దీన్ని సవరించారు. వాళ్లు చెప్పింది వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. తోడు పోయిన మనిషికి రెండు పనులుంటాయి. ఒకటి పోయినవారిని తలుచుకుని ఏడవడం. రెండోది ఆ మనిషి లేని బతుకును దిద్దుకోవడం, అంటే ఇన్నాళ్లూ అవతలివాళ్లు చేసిన పనులు నేర్చుకోవడం, కొత్త మనుషులతో మాట్లాడడం, కాసేపు అన్నీ మరిచి ఊపిరి పీల్చుకోవడం. ఏ ఒక్కదానిలో ఇరుక్కుపోయినా చేటే. రెంటి మధ్యా అటూ ఇటూ తిరుగుతూ ఉండగలిగినవాళ్లే నిలదొక్కుకుంటారని వాళ్ల సిద్ధాంతం. ఒక్క రోజు ప్రయాణాన్ని దీని పక్కన పెట్టి చూడండి. పొద్దున బస్సు ఎక్కడ ఆగుతుందో కనుక్కోవాలి, గది బేరమాడాలి, హోటల్లో ఒక్కరికే భోజనం చెప్పాలి. ఇవన్నీ నలభై ఏళ్లుగా భర్త చూసుకున్న పనులైతే అవే పెద్ద చదువు. రాత్రి గదిలో దీపం తీశాక పక్క మంచం ఖాళీగా ఉంటుంది. ఏడుపు వస్తుంది, రావాలి కూడా. తెల్లారి మళ్లీ బస్సు వేళ ఉంటుంది కాబట్టి లేవక తప్పదు. సొంతింట్లో ఆ లేవాల్సిన అవసరమే కరవవుతుంది.

కెనడాలో రష్ అనే రాక్ బృందానికి డ్రమ్మర్‌గా ప్రపంచమంతటా పేరున్న నీల్ పీర్ట్ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. 1997 ఆగస్టులో ఆయన కూతురు 19 ఏళ్ల వయసులో కారు ప్రమాదంలో పోయింది. ఏడాది తిరక్కుండానే, 1998 జూన్‌లో, భార్య జాక్లిన్ క్యాన్సర్‌తో కన్నుమూసింది. తనను ఇక రిటైరైనవాడిగానే అనుకోమని బృందంలోని మిత్రులకు చెప్పి ఆ ఆగస్టులో మోటార్‌సైకిల్ ఎక్కాడు. కెనడా, అలస్కా, అమెరికా ఎడారులు, మెక్సికో, బెలీజ్ మీదుగా 14 నెలల్లో సుమారు 88 వేల కిలోమీటర్లు తిరిగాడు. 2002లో వచ్చిన ఆయన పుస్తకం 'ఘోస్ట్ రైడర్' చదివితే ఒక సంగతి స్పష్టంగా తెలుస్తుంది. ఆ దారి పొడవునా భార్యాబిడ్డలు ఆయన వెంటే ఉన్నారు. ఏ ఊళ్లోనైనా ఏదో ఒకటి గుర్తొచ్చి కుప్పకూలిపోవడం, మర్నాడు బండి తుడుచుకుని బయల్దేరడం, చూసిన పక్షులనూ కొండలనూ మిత్రులకు ఉత్తరాల్లో వర్ణించడం, ఇదే ఆ పుస్తకం. తర్వాత ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, మళ్లీ డ్రమ్స్ వాయించాడు. అదేదో దారి తప్పినవాడి పలాయనమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పారిపోయేవాడు చూసినదంతా కూర్చుని ఉత్తరాల్లో రాయడు.

ఆ ఉత్తరాల దగ్గరే నాకు కెమెరా అవసరం కనిపిస్తుంది. ఏళ్ల తరబడి కాపురం చేసిన ఇద్దరి మధ్య గొప్ప సంభాషణలేవీ జరగవు. కిటికీ పక్కన కూర్చున్నవారు 'అదిగో చూడు' అంటారు, రెండోవారు చదువుతున్న పేపరు పక్కన పెట్టి చూస్తారు. రోజులో పదిసార్లు జరిగే ఈ చిన్న పనే కాపురంలో పెద్ద భాగం. తోడు పోయాక చెట్టు మీద పిట్ట కనిపిస్తే 'అదిగో' అనడానికి పక్కన మనిషి ఉండదు. కొన్నాళ్లకు చూడడమే మానేస్తారు. కెమెరా ఆ మానేసిన పనిని మళ్లీ చేయిస్తుంది. ఫొటో తీయడమంటే ఎవరికో చూపించాలని చూడడం. జపాన్ ఫొటోగ్రాఫర్ నోబుయోషి అరాకీ 1971లో తన పెళ్లి ప్రయాణాన్నే ఫొటోల పుస్తకంగా వేశాడు. 1990లో భార్య యోకో క్యాన్సర్‌తో పోయాక ఇంటి బాల్కనీ నుంచి ఆకాశాన్ని తీయడం మొదలుపెట్టాడు. మనిషి లేని ఖాళీ ఆకాశాన్ని పట్టుకుని మళ్లీ మళ్లీ తీశాడు. ఆయన తీసిన మరెన్నో ఫొటోల మీద, మోడళ్ల పట్ల ఆయన నడుచుకున్న తీరు మీద తీవ్రమైన విమర్శలున్నాయి, అవి న్యాయమైనవే. అయినా ఆ ఆకాశాల ముందు నిలబడితే, భార్యను చూడడానికి అలవాటుపడిన కన్ను ఇంకా ఎక్కడో ఒకచోట నిలవాలని పడే తపన తెలుస్తుంది.

ఫొటోలు తీసేవాళ్లు అసలు చూడరని, ఫోన్‌కి చూపించి వచ్చేస్తారని ఒక అభ్యంతరం ఉంది. ఇందులో నిజం లేకపోలేదు. అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో లిండా హెంకెల్ చేసిన ప్రయోగం 2014లో ప్రచురితమైంది. విద్యార్థులను మ్యూజియంలో తిప్పి కొన్ని వస్తువులను ఊరికే చూడమని, కొన్నిటిని ఫొటో తీయమని చెప్పారు. మర్నాడు అడిగితే, ఫొటో తీసిన వస్తువులే తక్కువగా గుర్తున్నాయి. ఇంతవరకే అందరూ చెబుతారు. అదే పరిశోధనలో మరో సంగతి ఉంది: వస్తువులో ఏదో ఒక భాగానికి జూమ్ చేసి తీసినప్పుడు జ్ఞాపకానికి ఆ నష్టం జరగలేదు, జూమ్ చేయని భాగం కూడా గుర్తుంది. అంటే తేడా కెమెరాది కాదు, మనసు పెట్టడంలో ఉంది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చలికాలం చెట్ల నిండా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు గూళ్లు పెడతాయి. అక్కడ గేటు దగ్గర సెల్ఫీ తీసుకుని వెళ్లిపోయేవారికి ఏమీ దక్కదు. తల్లి పెలికాన్ చేపలతో దిగేదాకా మెడలు లాగేలా తలెత్తి ఆగినవారికి, పిల్ల తన తలను తల్లి ముక్కు కింది సంచిలోకి భుజాల దాకా దూర్చి తింటూ కనిపిస్తుంది. ఆ క్షణాన్ని పట్టుకోవాలంటే వెలుగు ఎటు పడుతోందో చూసుకోవాలి, పక్షి రెక్క విప్పే ముందు ఒంటిని ఎలా వంచుతుందో నేర్చుకోవాలి. గంటసేపు మనసు తన గాయం మీద నుంచి లేచి ఇంకో ప్రాణి మీద వాలుతుంది. మందుల చీటీ మీద రాయలేని చికిత్స ఇది.

మన ఇళ్లలో చావుకూ ఫొటోకూ ఉన్న సంబంధం వేరు. మనిషి పోయిన రోజు రాత్రికే మంచి ఫొటో కోసం వెతుకులాట మొదలవుతుంది. చాలాసార్లు దొరికేది ఏదో పెళ్లిలో తీసిన గుంపు ఫొటోనే. స్టూడియోవాళ్లు ఆ మనిషిని ఒక్కరినే కత్తిరించి, వెనక నీలం రంగు వేసి, పెద్దది చేసిస్తారు. పరీక్షగా చూస్తే పటం అంచున పక్కనున్నవారి పట్టుచీర కొంగు కాస్త కనిపిస్తూ ఉంటుంది. ఆ కొంగు చాలాసార్లు భార్యదే. పటానికి దండ, చిన్న బల్బు, ఏటా వర్ధంతికి పేపర్లో ప్రకటన. పోయినవారికి ఇంత చేస్తాం, బాగానే ఉంది. ఉన్నవారి సంగతేమిటి? భర్త పోయినామె ఆ రోజు నుంచి ఇంట్లో తీసే ఏ ఫొటోలోనూ ముందు వరసలో ఉండదు. మనవరాలి పెళ్లిలో కూడా పీటల దగ్గర నుంచి తనంతట తానే వెనక్కి జరుగుతుంది, ఎవరో జరగమనేదాకా ఆగదు. అలాంటి మనిషి చేతికి కెమెరా ఇవ్వడంలో నాకు చాలా న్యాయం కనిపిస్తుంది. ఫొటో తీసేవాళ్లు ముందుకు రాక తప్పదు. శకునం పేరుతో మూలకు నెట్టిన మనిషి చూపుకే ఇంట్లోవాళ్లంతా ఒద్దికగా నిలబడతారు.

సంప్రదాయం ఒప్పుకోదనేవాళ్లకు సంప్రదాయమే జవాబు చెబుతుంది. పెద్దకర్మ అయ్యాక దగ్గరి బంధువులు వచ్చి, తోడు పోయిన మనిషిని తమ ఇంటికి తీసుకెళ్లి ఒక రాత్రి నిద్ర చేయించి, బట్టలు పెట్టి పంపడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. ఏదైనా క్షేత్రంలో ఒక రాత్రి నిద్ర చేసి రమ్మంటారు. అస్థికలు కలపడానికి రాజమహేంద్రవరమో, కాళేశ్వరమో, స్తోమత ఉంటే కాశీయో వెళ్తారు. ఇల్లు కొన్నాళ్లు విడిచి, వేరే కప్పు కింద పడుకుని, పారే నీళ్లు చూసి వస్తే తప్ప మనిషి తేరుకోడని మన పూర్వులకు ఏ పరిశోధనా లేకుండానే తెలుసు. అది పుణ్యం కోసం, ఇది సరదా కోసం కదా అని వాదించవచ్చు. పుణ్యం మాట నేను తేల్చలేను. ఓదార్పు మాటకొస్తే రెండింటి దారీ ఒకటే. ఇంకో చేదు నిజం కూడా చెప్పాలి. కాశీకి, బృందావనానికి భర్తలు పోయిన స్త్రీలను తీసుకెళ్లి అక్కడే వదిలేసి వచ్చిన చరిత్ర కూడా మనదే. అది ప్రయాణం పేరుతో చేసిన వెలి. నేను అడుగుతున్న ప్రయాణానికి తిరుగు టికెట్ ఉంటుంది. ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు రావాలో నిర్ణయించేది ఆమే.

మన సంస్కర్తలు ఈ విషయంలో గొప్ప పని చేశారు. వితంతువుల పునర్వివాహాన్ని చట్టం 1856లో ఒప్పుకుంది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం దాన్ని తెలుగునాట చేసి చూపించారు, ఎన్నో నిందలు భరించారు. అయితే ఆనాటి నుంచీ మన ఆలోచన అంతా మళ్లీ పెళ్లి చుట్టూనే తిరిగింది. మళ్లీ పెళ్లి వద్దనుకున్నవాళ్లు, ఆ వయసు దాటినవాళ్లు, పోయిన మనిషితోనే మనసులో కాపురం సాగిస్తున్నవాళ్లు ఎలా బతకాలన్నది ఎవరికీ పట్టలేదు. 2022 మేలో మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ, భర్త పోగానే గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం వంటివి మానేయాలని తీర్మానించింది. ఆ బాటలో నడవమని అక్కడి ప్రభుత్వం మిగతా పంచాయతీలకు కూడా చెప్పింది. మన దగ్గర గ్రామసభలు ఈ మాట ఎత్తుకోవడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు. గాజులుంచుకునే హక్కు ఉన్నప్పుడు, ఆ గాజుల చేత్తో సంచి పట్టుకుని బస్సెక్కే హక్కు కూడా ఉంటుంది.

ఇదేమీ సర్వరోగ నివారిణి కాదు. మన దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హోమాయ్ వ్యారావాలాకు కెమెరా పట్టడం నేర్పింది ఆమెకు భర్త అయిన మాణెక్‌షానే. 1969లో ఆయన పోయారు. మరుసటి ఏడాదే ఆమె కెమెరా పక్కన పెట్టేసి, 2012లో కన్నుమూసేదాకా మళ్లీ ఆ వృత్తి జోలికి వెళ్లలేదు. కొత్తతరం ఫొటోగ్రాఫర్ల అమర్యాద నచ్చకపోవడమే అందుకు ఆమె చెప్పిన కారణం. ఏదైనా, కెమెరా దించేయడం కూడా ఒకరి హక్కే. బలవంతంగా యాత్రలకు తరమడం, మూల కూర్చోబెట్టడం రెండూ ఒకే రకం పెత్తనం. దుఃఖం ఆరు నెలలు దాటినా రోజువారీ బతుకును స్తంభింపజేస్తుంటే దాన్ని వైద్యం అవసరమైన స్థితిగానే చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో దానికి ఇప్పుడు ప్రత్యేక స్థానం ఇచ్చింది. అలాంటివారికి ముందు కావలసింది డాక్టరు. ఇక వాట్సాప్ స్టేటస్‌లో ఫొటోలు పెడితే 'బాగానే ఎంజాయ్ చేస్తోంది' అని గుసగుసలాడేవాళ్ల గురించి: ఆ ఫొటోలో మనిషి నవ్వుతూ కనిపించినంత మాత్రాన ఆమె రాత్రులు ఎలా గడుస్తున్నాయో వాళ్లకు తెలిసినట్టు కాదు. పిల్లలు చేయగలిగిన మేలు ఒకటుంది. 'భోంచేశావా అమ్మా, మాత్రలు వేసుకున్నావా' అనే ఫోన్లతో పాటు 'ఇవాళ ఏం తీశావు, పంపు' అని అడగండి. పంపాక ఒక బొటనవేలి బొమ్మ పెట్టి వదిలేయకుండా, ఆ చెట్టేమిటి, ఆ ఊరెక్కడ అని అడగండి. 'అదిగో చూడు' అన్నప్పుడు చూసే మనిషి మళ్లీ ఒకరు ఏర్పడతారు.

ఇవన్నీ డబ్బున్నవాళ్ల ముచ్చట్లన్నది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. నీల్ పీర్ట్‌కు ఉన్న డబ్బు మన పల్లెటూరి ఒంటరి మహిళకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆమెకు వచ్చే పింఛను నెలకు 4,000 రూపాయలు, తెలంగాణలో 2,016. కానీ పరిస్థితి కొంత మారింది కూడా. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో డబ్బు కట్టకుండా వెళ్లవచ్చు. ఆధార్ చూపితే కండక్టర్ జీరో టికెట్ కొట్టిస్తాడు. ఫొటో తీయడానికి చేతిలోని మామూలు ఫోన్ చాలు. అడ్డంకి బస్సు దిగాక మొదలవుతుంది: ఒంటరి ఆడమనిషికి గది ఇవ్వడానికి వెనకాడే లాడ్జీలు, శుభ్రమైన మరుగుదొడ్డి లేని బస్టాండ్లు. ఈ రెండూ ప్రభుత్వాలు తలుచుకుంటే తీర్చగలిగినవే. రైల్వే సంగతి ఇంకా అన్యాయం. 58 ఏళ్లు దాటిన స్త్రీలకు 50 శాతం, 60 దాటిన పురుషులకు 40 శాతం ఉండే రాయితీని కోవిడ్ పేరుతో 2020 మార్చిలో ఆపేశారు. కోవిడ్ పోయింది, రాయితీ తిరిగి రాలేదు. తోడు పోయినవాళ్లలో ఎక్కువమంది ఆ వయసువాళ్లే. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. పోయినవారికి పిండం పెట్టడానికి బాసర నుంచి అంతర్వేది దాకా ప్రతి రేవుకూ ఒంటరిగా వచ్చేవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్లు కర్మ ముగించుకుని మరో రెండు రోజులు ఆ నది పక్కన ఉండి చూసి వెళ్లేందుకు చవక గదులు, మధ్యవర్తులెవరూ లేకుండా ఒక్క మనిషి పేరునే ఇచ్చే బుకింగు, పాత రైలు రాయితీ, ఈ మూడూ ఆ లోపే అమల్లోకి రావాలి.